చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూస్తే బీపీ ఎక్కువ చూపిస్తుందా? నాన్నకి ఇంకో బిళ్ల కలిపారు, తెలిసినవాళ్లు చెప్పండి

కెరటం (ఎంవీపీ కాలనీ)

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదివి చెప్పండి.

మా నాన్నకి 67. స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు, ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు. ఏడేళ్లుగా బీపీ ఉంది. టెల్మిసార్టన్ 40 పొద్దున్న ఒకటి వేసుకునేవారు. ఇంట్లో ఎప్పుడైనా చూస్తే 130, 134 అలా ఉండేది, అందుకని మేం పెద్దగా పట్టించుకోలేదు. పోయిన నెల మామూలు చెకప్‌కి దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాను. లిఫ్టు పనిచేయడం లేదు, రెండంతస్తులు ఎక్కాం. లోపల జనం కిటకిట. మా నంబరు పిలవగానే నాన్న గబగబా వెళ్లి స్టూలు మీద కూర్చున్నారు. అక్కడి అమ్మాయి చొక్కా చెయ్యి పైకి మడిచి, దాని మీదే పట్టీ చుట్టేసి మిషన్ నొక్కేసింది. నాన్న చెయ్యి ఒళ్లో ఉంది. ఆ అమ్మాయి "షుగరుందా బాబాయ్, ఎవరితో వచ్చారు" అని అడుగుతుంటే ఈయన జవాబులు చెబుతూనే ఉన్నారు. 156/94 వచ్చింది. మళ్లీ చూడలేదు. ఆ ఒక్క నంబరు చూసి డాక్టరు గారు అమ్లోడిపిన్ 5 కలిపారు.

రెండో వారం నుంచి పొద్దున్న మంచం దిగుతుంటే కళ్లు తిరుగుతున్నాయంటున్నారు. పోయిన ఆదివారం రైతుబజారులో సంచీ కింద పెట్టి, వంగి వంకాయలు ఏరి లేచేసరికి తూలి, పక్కన తోపుడుబండి పట్టుకుని నిలబడ్డారు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆ బండి లేకపోతే ఏమయ్యేదో అని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

ఈలోపు మా ఆఫీసులో ఒకావిడ జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ల అధ్యయనం గురించి చెప్పారు. అమెరికాలో బాల్టిమోర్‌లో ఉన్న, వైద్యానికి పేరున్న పెద్ద విశ్వవిద్యాలయం కదా. 2024 అక్టోబరులో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో వచ్చిందట, వెతికి చదివాను. 18 నుంచి 80 ఏళ్ల మధ్య ఉన్న 133 మందికి ఒక్కొక్కరికీ మూడు రకాలుగా బీపీ చూశారు. చెయ్యి బల్ల మీద ఆనించి ఒకసారి, ఒళ్లో పెట్టించి ఒకసారి, పక్కన వేలాడదీయించి ఒకసారి. బల్ల మీద పెట్టినప్పటికంటే ఒళ్లో పెట్టుకుంటే పై నంబరు సగటున 3.9, కింద నంబరు 4 ఎక్కువ చూపించింది. వేలాడదీస్తే పైది 6.5, కిందది 4.4 ఎక్కువ. అంటే మనిషిలో బీపీ పెరగకుండానే మిషన్‌లో పెరుగుతోంది.

నా సందేహం ఇది. నాలుగు పాయింట్లు, ఆరు పాయింట్లు అంత లెక్కలోకి వస్తాయా? ఇంట్లో సరిగ్గా చూడాలంటే ఎలా చూడాలి? ఆ రెండో బిళ్ల ఆపేసి చూడొచ్చా? నాన్న అయితే "ఏటమ్మా పొద్దస్తమానం ఆ మిషనేనా, నాకేటయింది" అని మళ్లీ డాక్టరు దగ్గరికి రానంటున్నారు.

రిటైర్డ్ సిస్టర్ (పెదవాల్తేరు)

తల్లీ, ముందు నీ ఆఖరి ప్రశ్నకి జవాబు. నువ్వు ఆపకు. కళ్లు తిరుగుతున్నాయన్న మాట ఈరోజే ఆ డాక్టరుకి ఫోన్‌లో అయినా చెప్పు, ఆపాలో తగ్గించాలో ఆయన చెప్పాలి. ఇంట్లోవాళ్లు ఒకటి ఆపి, రెండ్రోజులకి భయపడి మళ్లీ మొదలుపెట్టి, అలా ఎక్కువా తక్కువా చేసుకుని వార్డుకి వచ్చినవాళ్లని నేను చాలామందిని చూశాను. ముప్ఫై ఒక్క ఏళ్లు జనరల్ వార్డుల్లో చేశాను, చేతి కింద ఎన్ని వేల బీపీలు చూశానో లెక్కలేదు.

ఆ అధ్యయనంలో చెప్పింది కొత్త సంగతేం కాదు, మాకు ట్రైనింగ్‌లో మొదటి నెలలోనే చెప్పారు, పట్టీ గుండె ఎత్తున ఉండాలని. నీళ్ల ట్యాంకు డాబా మీద ఉంటే కింది కుళాయిలో నీళ్లు ఎక్కువ జోరుగా వస్తాయి కదా, రక్తమూ అంతే. పట్టీ కట్టిన చోటు గుండె కంటే ఓ పది సెంటీమీటర్లు కిందికి దిగితే ఏడు పాయింట్లకు పైనే ఎక్కువ చూపిస్తుంది. దానికి తోడు చెయ్యి గాల్లో ఉంటే దాన్ని మోయడానికి కండ బిగుసుకుంటుంది, అదీ కొంత పెంచుతుంది. మాకు తెలిసిన సంగతే వాళ్లు లెక్క కట్టి చూపించారు, అందుకు సంతోషం. ఎందుకంటే తెలిసినా ఎవరూ చెయ్యరు. రద్దీలో ఒక్కో మనిషికి ఒకటిన్నర నిమిషం దొరికితే ఎక్కువ, ఆ అమ్మాయిని నేను తప్పు పట్టలేను. కానీ మీ నాన్న విషయంలో చూడు ఎన్ని కలిశాయో: మెట్లెక్కి రావడం, కాసేపు కూడా కూర్చోకపోవడం, వీపుకి ఆనుడు లేని స్టూలు, చొక్కా మీద పట్టీ, చెయ్యి ఒళ్లో, పైగా మాటలు. ఒక్కొక్కటీ కొంచెం కొంచెమే, అన్నీ కలిస్తే మామూలు మనిషికి బీపీ ఉన్నట్టు, కొంచెం బీపీ ఉన్నవాడికి చాలా ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇంట్లో ఇలా చెయ్యి. పొద్దున్న లేచి బాత్‌రూముకి వెళ్లొచ్చాక, కాఫీ తాగకముందు, బిళ్ల వేసుకోకముందు చూడు. నిండిన మూత్రాశయంతో చూస్తే ఎక్కువే వస్తుంది, మగవాళ్లు ఈ మాట చెప్పరు, నువ్వే అడగాలి. కాఫీ, చుట్ట, సిగరెట్, బీచ్‌లో వాకింగ్, వీటిలో ఏదైనా అయి ఉంటే అరగంట ఆగాలి. వీపు ఆనించుకునే కుర్చీ, డైనింగ్ టేబుల్ ముందు వెయ్యి. పాదాలు రెండూ నేల మీద ఆనాలి, కాలు మీద కాలు వద్దు. చెయ్యి బల్ల మీద పెట్టించు, బల్ల కిందుగా అనిపిస్తే దుప్పటి మడిచి కింద పెట్టు, పట్టీ గుండె దగ్గరికి రావాలి. పట్టీ చర్మం మీదే కట్టాలి, మడిచిన చొక్కా చెయ్యి కూడా బిగుతుగా ఉండకూడదు. అప్పుడు టీవీ కట్టేసి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోనివ్వు. ఈ అయిదు నిమిషాలే ఎవరూ ఇవ్వరు. తర్వాత ఒకసారి చూసి, ఒక నిమిషం ఆగి మళ్లీ చూడు, రెండూ రాయి. రాత్రి పడుకోబోయే ముందు మళ్లీ ఇలాగే. ఏడు రోజులు చేసి, మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తియ్యి. మొదటిసారి మాత్రం రెండు చేతులకీ చూడు, ఏ చేతికి ఎక్కువ వస్తే ఇక ఎప్పుడూ ఆ చేతికే.

ఇంకోటి, ఇది ముఖ్యం. కూర్చున్నప్పుడు చూశాక లేచి నిలబెట్టి, ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకి ఒకసారి చూడు. నిలబడ్డప్పుడూ చెయ్యి నువ్వు పట్టుకుని గుండె ఎత్తునే ఉంచాలి. పై నంబరు 20 గానీ, కింద నంబరు 10 గానీ పడిపోతే, ఆ తూలడం దానివల్లే అనుకోవచ్చు, అది డాక్టరు తప్పకుండా చూడాల్సిన సంగతి. నిలబెట్టేటప్పుడు నువ్వు పక్కనే ఉండు, వెనక కుర్చీ తియ్యకు. అంతవరకు పొద్దున్న మంచం మీదనే ఓ రెండు నిమిషాలు కాళ్లు కిందికి వేసుకుని కూర్చుని లేవమను.

కూర్మన్నపాలెం కుర్రాడు

అక్కా, సిస్టర్ గారు అన్నీ చెప్పారు కానీ పట్టీ సైజు గురించి చెప్పలేదు, నా అనుభవం చెబుతాను. నేను 112 కిలోలు. నలభై దాటకముందే కంపెనీ మెడికల్స్‌లో 170 వచ్చిందని పక్కన పెట్టారు, ఇంట్లో అందరికీ టెన్షన్, మా ఆవిడ ఒకటే ఏడుపు. నేను ఇంట్లో కొన్న మిషన్‌లోనూ 165, 168 చూపించేది, పట్టీ చుట్టాక వెల్క్రో సగమే అతుక్కునేది, గాలి ఎక్కేసరికి టప్పున ఊడొచ్చేది. అయినా అది పట్టీ తప్పని నాకు తోచలేదు, నా బీపీయే అంత అనుకున్నాను.

తర్వాత ఒక డాక్టరమ్మ టేపు తీసి నా చెయ్యి కొలిచారు, భుజానికీ మోచేతికీ మధ్యలో. 40 సెంటీమీటర్లు. మామూలుగా మిషన్‌తో వచ్చే పట్టీ దాదాపు 22 నుంచి 32 దాకానే. పెద్ద పట్టీ కట్టి అదే గదిలో అదే కుర్చీలో చూస్తే 148 వచ్చింది. దీని మీద కూడా అదే జాన్స్ హాప్‌కిన్స్ వాళ్లు 2023లో ఒక అధ్యయనం చేశారు, 195 మంది మీద. పెద్ద పట్టీ కావాల్సినవాళ్లకి మామూలుది కడితే పై నంబరు సగటున 4.8 ఎక్కువ వచ్చింది, ఇంకా పెద్దది కావాల్సినవాళ్లకి మామూలుది కడితే 19.5 ఎక్కువ! అదే సన్న చేతులవాళ్లకి మామూలుది కడితే 3.6 తక్కువ వచ్చింది. ఈ తక్కువ సంగతి మా అమ్మకి పనికొచ్చింది, ఆవిడ చెయ్యి 20 సెంటీమీటర్లే, ఎప్పుడు చూసినా "నార్మల్" అనేవారు.

148 కూడా ఎక్కువే, అది నేను దాచను. బిళ్ల వాడుతున్నాను, తొమ్మిది కిలోలు తగ్గాను. కానీ 168కి వాడే మందు వేరు, 148కి వాడే మందు వేరు కదా. మీరు టైలరు టేపుతో నాన్నగారి చెయ్యి కొలవండి, మిషన్ పట్టీ మీద రాసి ఉంటుంది ఎంత నుంచి ఎంత వరకో. మణికట్టుకి కట్టే మిషన్ ఉంటే దాన్ని నమ్మొద్దు, చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా నంబరు మారిపోతుంది.

సీతమ్మధార

అందరూ మంచి మాటలే చెప్పారు. నేను రెండో వైపు చెప్పాలి, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

మా నాన్న బీపీ ఎప్పుడు ఎక్కువ వచ్చినా మేం ఇలాగే ఏదో ఒక కారణం వెతికేవాళ్లం. మెట్లెక్కారు కదా అందుకే, డాక్టర్ని చూస్తే ఆయనకి భయం అందుకే, నిన్న పెళ్లి భోజనం అందుకే. ఇంట్లో చూసేవాళ్లం కాదు, రాసేవాళ్లం కాదు, కారణం మాత్రం చెప్పుకునేవాళ్లం. రెండేళ్లు అలా గడిచింది. ఒకరోజు పొద్దున్న బ్రష్ చేసుకుంటుంటే నోట్లో నీళ్లు ఒక పక్క నుంచి కారిపోయాయి, మూతి పక్కకి పోయింది, ఎడమ చెయ్యి లేవలేదు. మేం నీరసమేమో అని పడుకోబెట్టాం. నిమ్మరసం ఇచ్చాం. పన్నెండయ్యాక ఆసుపత్రికి తీసుకెళ్తే, రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ పక్షవాతం లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, సమయం దాటిపోయిందన్నారు. నాలుగేళ్లయింది, ఇప్పటికీ అన్నం ఎవరో ఒకరు కలిపి పెట్టాల్సిందే. ఆ నిమ్మరసం గ్లాసు నాకు ఇంకా కళ్ల ముందే ఉంటుంది.

అందుకే చెబుతున్నాను, చెయ్యి ఒళ్లో పెడితే నాలుగు పాయింట్లే పెరుగుతాయి. 156లోంచి నాలుగు తీసినా 152. చెయ్యి వల్లే అనుకుని ఊరుకోకండి. సిస్టర్ గారు చెప్పినట్టు ఏడు రోజులు చూడండి, చూశాక కూడా ఎక్కువే వస్తే దానికి ఇంకో కారణం వెతకొద్దు. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నిమ్మరసాలు వద్దు, వెంటనే 108.

సోంపేట ఆడపడుచు (ఇప్పుడు మధురవాడ)

చెల్లీ, మీ నాన్నగారు వేసుకునేది టెల్మిసార్టన్ అన్నావు కాబట్టి ఒక్క మాట చెప్పి వెళ్తాను. బీపీ అనగానే బంధువులందరూ "లో సోడియం ఉప్పు వాడండి" అంటారు. నీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.

అది ఊరికే పుట్టిన సలహా కాదు. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మంది మీద చేశారు, 2021లో ఫలితాలు వచ్చాయి. మామూలు ఉప్పులో పావు వంతు తీసేసి ఆ పావు పొటాషియం ఉప్పు కలిపి వండుకున్న ఇళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025 జనవరిలో దీన్ని సిఫారసు చేసింది. కానీ అదే సిఫారసులో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకీ, గర్భిణులకీ, పిల్లలకీ వర్తించదని ఉంది, ఆ ముక్క ఎవరూ చెప్పరు. మాది ఉద్దానం. మా వీధిలో కిడ్నీ జబ్బు లేని ఇల్లు లెక్కపెట్టుకోవాలి, మా మావయ్యనే డయాలసిస్‌కి తిప్పాం. కిడ్నీ సరిగా పనిచేయకపోతే ఒంట్లో పొటాషియం బయటికి పోదు, పెరిగిపోతే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు కూడా. టెల్మిసార్టన్ లాంటి బిళ్లలు కూడా పొటాషియాన్ని కొంచెం పైకి నెడతాయి. కాబట్టి ముందు క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే రక్తపరీక్ష), పొటాషియం పరీక్ష చేయించు, డాక్టరు సరే అంటేనే ఆ ప్యాకెట్టు కొను. కిడ్నీ జబ్బు లోపల ఉన్నా చాలాకాలం ఏమీ తెలియదు, మా మావయ్యకి తెలిసేసరికి సగానికి పైగా పోయింది.

దానికంటే ఉన్న ఉప్పే తగ్గించడం మేలు. రోజుకి మనిషికి 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు, కూరలోదీ పచ్చట్లోదీ అన్నీ కలిపి. మన ఉత్తరాంధ్ర తిండిలో అది కష్టమే, నాకు తెలుసు, ఎండు నెత్తళ్ల కూర లేకుండా మా ఆయనకి ముద్ద దిగదు. నేను చేసింది ఏమిటంటే, ఎండుచేపలు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు రెండుసార్లు పారబోసి, ఇక కూరలో ఉప్పు వెయ్యను. మజ్జిగలో, గంజిలో ఉప్పు మానేశాం. ఆవకాయ ఆదివారం మాత్రమే. మొదటి రెండు వారాలు చప్పగా ఉందని గొడవ, తర్వాత నాలుకకి అలవాటైపోయింది. ఇప్పుడు బయట తింటే వాళ్లకే ఉప్పగా ఉంటోంది.

జనరల్ మెడిసిన్ (కేజీహెచ్ దగ్గర చదువుకున్నాను, ఇప్పుడు బయట ప్రాక్టీసు)

మనిషిని చూడకుండా మందు మార్చమని నేను చెప్పను. కానీ మీ ప్రశ్నలో ఉన్న అసలు విషయానికి జవాబు ఇవ్వాలనిపించింది, నాలుగు పాయింట్లు లెక్కలోకి వస్తాయా అన్నారు కదా.

వస్తాయి. మేం బీపీ ఎంత వరకు దించాలి అని పెట్టుకునే లక్ష్యాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. 2015లో స్ప్రింట్ అని ఒక పెద్ద అమెరికా అధ్యయనం వచ్చింది, 9,361 మంది, షుగరు లేనివాళ్లు, ముందు పక్షవాతం రానివాళ్లు. పై నంబరు 120 లోపు తేవాలని చూసిన గుంపులో, 140 లోపు చాలనుకున్న గుంపు కంటే గుండెపోటు, పక్షవాతం, గుండె బలహీనపడటం, గుండెజబ్బు మరణాలు అన్నీ కలిపి పావు వంతు తగ్గాయి. ఆ ఫలితం వచ్చాక చాలా చోట్ల లక్ష్యాలు కిందికి జరిగాయి. అయితే ఆ అధ్యయనంలో బీపీ ఎలా చూశారు? అయిదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోబెట్టి, మిషన్‌తో మూడుసార్లు చూసి సగటు తీశారు. అలా చూసిన 120 వేరు, మెట్లెక్కి వచ్చి స్టూలు మీద మాట్లాడుతూ చూసిన 120 వేరు. జాగ్రత్తగా కొలిచి పెట్టుకున్న లక్ష్యాన్ని, అజాగ్రత్తగా కొలిచిన నంబరుతో అందుకోవాలని చూస్తే మందు ఎక్కువైపోతుంది. ఆ అధ్యయనంలోనే మందు ఎక్కువ ఇచ్చిన గుంపులో బీపీ మరీ పడిపోవడం, సొమ్మసిల్లడం, కిడ్నీ మీద దెబ్బ ఎక్కువ కనిపించాయి కూడా. 67 ఏళ్ల మనిషి పడి తుంటి విరిగితే అది చిన్న విషయం కాదు.

సీతమ్మధార గారు చెప్పింది కూడా అంతే నిజం, ఆ పోస్టు చదివి బాధేసింది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో మందు ఎక్కువైనవాళ్ల కంటే మందు చాలనివాళ్లే ఎక్కువ. అందుకే ఇంటి లెక్క కావాలి. ఇంట్లో సరిగ్గా చూసిన వారం సగటు 135/85 దాటితే అది నిజంగా ఎక్కువే, క్లినిక్‌లో ఎంత వచ్చినా సరే. కొందరికి క్లినిక్‌లో ఎక్కువ వచ్చి ఇంట్లో మామూలుగా ఉంటుంది, కొందరికి తిరగబడి ఉంటుంది, క్లినిక్‌లో బాగుండి ఇంట్లో ఎక్కువ. రెండోది ఎక్కువ ప్రమాదం, ఎవరూ పట్టుకోరు. ఎప్పుడైనా 180/120 దాటితే అయిదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూడండి, అంతే ఉండి ఛాతీలో నొప్పి, ఆయాసం, చూపు మసక, మాట తేడా ఏదైనా ఉంటే ఆలస్యం చెయ్యకూడదు.

మీ పోస్టులో లేని ఒక ప్రశ్న అడుగుతాను. నాన్నగారు మోకాళ్ల నొప్పులకి ఏమైనా వేసుకుంటున్నారా? మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు బీపీని పెంచుతాయి, టెల్మిసార్టన్ పనిని తగ్గిస్తాయి, కిడ్నీకి కూడా మంచివి కావు. ప్లాంటులో ఏళ్ల తరబడి నిలబడి పనిచేసినవాళ్లలో ఇది చాలా మామూలు, అడిగేవరకు చెప్పరు, ఎందుకంటే వాళ్ల లెక్కలో అది మందు కాదు. అడిగి చూడండి. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న బిళ్లలన్నీ ఒక సంచీలో వేసుకుని వెళ్లండి, మీ మిషన్ కూడా పట్టుకెళ్లి అక్కడి దానితో పోల్చి చూడమనండి.

కెరటం (ఎంవీపీ కాలనీ)

పదకొండు రోజులయింది, జవాబు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోవద్దు. మీరందరూ చెప్పినవి ఒక్కొక్కటీ చేశాను.

చదివిన రోజే క్లినిక్‌కి ఫోన్ చేశాను. డాక్టరు గారు మాట్లాడారు, రెండో బిళ్ల రాత్రి వేసుకోమని, వారం రాసుకుని తీసుకురమ్మని చెప్పారు. నాన్న చెయ్యి 28 సెంటీమీటర్లు, కాబట్టి పట్టీ సరిపోయింది. కుడి చేతికి ఎడమ కంటే ఆరు ఎక్కువ వచ్చింది, కుడి చేతికే చూశాను. మొదటి రోజు నాన్న విసుక్కున్నారు, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. రైతుబజారులో ఆయన తూలినప్పుడు నాకు ఎలా ఉందో అప్పుడు చెప్పాను. అంతవరకు చెప్పలేదు. ఆయనేం మాట్లాడలేదు గానీ రెండో రోజు నుంచి ఆయనే కుర్చీ వేసుకుని, దుప్పటి మడిచి బల్ల మీద పెట్టుకుని నన్ను పిలుస్తున్నారు.

ఏడు రోజుల సగటు, రెండు బిళ్లలూ వేసుకుంటూ, 124/74. నిలబడితే ఒక నిమిషానికి 101, 103 అలా పడిపోతోంది. సిస్టర్ గారూ, మీరు చెప్పకపోతే నిలబెట్టి చూడాలని నాకు తట్టేది కాదు.

డాక్టరు గారూ, మీరు అడిగినట్టే అడిగాను. ఉంది. ఏడాదిగా వారంలో నాలుగైదు రోజులు ప్లాంటు స్నేహితుడు చెప్పిన నొప్పి బిళ్ల వేసుకుంటున్నారట, నిద్రమాత్రల డబ్బాలో దాచారు. నేను కోప్పడతానని చెప్పలేదన్నారు. నాకు కోపం రాలేదు, మోకాళ్లు అంతగా నొప్పి పెడుతుంటే నాకు తెలియలేదే అని ఏడుపొచ్చింది.

కాగితం, బిళ్లల సంచీ, మిషన్ అన్నీ పట్టుకుని వెళ్లాం. ఈసారి పావుగంట ముందే వెళ్లి కింద కూర్చుని, మెల్లగా ఎక్కాం. డాక్టరు గారు కాగితం మొత్తం చదివి, చెయ్యి బల్ల మీద పెట్టించి తనే రెండుసార్లు చూశారు, 130, 126. నిలబెట్టి కూడా చూశారు. నొప్పి బిళ్ల పూర్తిగా ఆపించారు, దాని బదులు పారాసెటమాల్ అవసరమైనప్పుడే, మోకాళ్లకి వ్యాయామం నేర్పేవాళ్ల దగ్గరికి చీటీ రాశారు. అమ్లోడిపిన్ 2.5కి తగ్గించారు, నొప్పి బిళ్ల ఆపాక బీపీ ఇంకా దిగొచ్చు కాబట్టి రెండు వారాలు ఇలాగే రాసి తీసుకురమ్మన్నారు. ఆ రోజు క్లినిక్‌లో ఒక్కసారే చూశారని నేను మెల్లగా అన్నాను. అవునమ్మా, మళ్లీ చూసి ఉండాల్సింది అన్నారు. ఆ మాట ఆయన అనడం నాకు నచ్చింది.

సోంపేట అక్కా, మా పిన్ని అప్పటికే ఆ ఉప్పు ప్యాకెట్టు తెచ్చి ఇచ్చింది, విప్పకుండా పక్కన పెట్టాను. క్రియాటినిన్, పొటాషియం పరీక్షకి నిన్న రక్తం ఇచ్చాం, రిపోర్టు సోమవారం వస్తుంది. నొప్పి బిళ్లలు ఏడాది వాడారు కాబట్టి అదొక్కటే ఇప్పుడు నా భయం. రాగానే ఇక్కడ పెడతాను. సీతమ్మధార అన్నయ్యా, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను, మీ నాన్నగారు ఇప్పుడు ఎలా ఉన్నారో కనుక్కోమన్నారు.